జేన్ ఐర్ జీతం 30 పౌండ్లు: విక్టోరియన్ నవలల్లో ఆడవాళ్ళ డబ్బు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: "జేన్ ఐర్‌ని స్త్రీవాద నవల అంటారు. కానీ ఆమెకి స్వేచ్ఛ వచ్చింది కష్టార్జితంతో కాదు, ఎప్పుడూ చూడని చుట్టం రాసిచ్చిపోయిన ఆస్తితో. అది అదృష్టం అవుతుంది గానీ ఆర్థిక స్వాతంత్ర్యం ఎలా అవుతుంది? ఎం.ఏ. డిసర్టేషన్‌లో ఈ వాదన ఎలా నిలబెట్టాలి?"

28 ఏళ్ళు ఈ నవలలే పాఠం చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగేవారు. ఎవరూ అడగని ఏడాది మాత్రం వీళ్ళు నవల చదవలేదు, గైడు చదివారు అనుకునేదాన్ని.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ ఆస్తి అంత హఠాత్తుగా, కథల్లోలా ఊడిపడడమే రచయిత్రి షార్లట్ బ్రాంటీ మనకిస్తున్న సాక్ష్యం. జీతం మీద బతికే ఆడపిల్లకి ఆ కాలంలో ఇంకే దారీ లేదని ఆ మలుపే ఒప్పుకుంటోంది. అందరూ జేన్ మేడ మీద నిలబడి "ఆడవాళ్ళకీ మగవాళ్ళలాగే మనసుంటుంది" అనుకునే పేరాని ఎత్తి రాస్తారు. ఆ పేరా మంచిదే. కానీ ఈ నవలల్లో స్త్రీవాదం ఉపన్యాసాల్లో కన్నా అంకెల్లో ఎక్కువ కనబడుతుంది. ఎంత డబ్బు, ఎవరిచ్చారు, ఎవరి పేరున ఉంది అని రాసుకుంటూ చదవండి.

ముందు చట్టం చూడాలి. దీన్ని దాటేసి రాసిన డిసర్టేషన్లు చాలా దిద్దాను, ఒక్కటీ నిలబడలేదు. 1870 దాకా ఇంగ్లండులో కామన్ లా ప్రకారం పెళ్ళయిన స్త్రీకి చట్టం ముందు విడిగా ఉనికి లేదు. దీన్ని కవర్చర్ అనేవారు. పెళ్ళినాటికి ఆమె దగ్గరున్న నగదు, నగలు, సామాను, ఆ తర్వాత ఆమె సంపాదించే ప్రతి పెన్నీ భర్తవే. ఆమె భూమిని ఆమె ఒప్పుకోకుండా అమ్మకూడదు, కానీ దాని మీద వచ్చే రాబడి మళ్ళీ అతనిదే. మన పాత ధర్మశాస్త్రాల్లో స్త్రీధనం అని ఒకటుంది కదా. అత్తింట్లో దాని గతి ఏమైందన్నది వేరే కథ, కనీసం రాతలోనైనా అది ఆమెది. ఇంగ్లండు ఆడదానికి రాతలోనూ లేదు. డబ్బున్న తండ్రులు దీనికో విరుగుడు చూసుకున్నారు. పెళ్ళికి ముందే లాయర్లని కూర్చోబెట్టి సెటిల్మెంటు రాయించి, కూతురి సొమ్ము ట్రస్టీల చేతిలో పెట్టేవారు. లాయరుకి ఫీజు ఇచ్చుకోలేని ఇంటి పిల్లకి ఆ దారీ లేదు.

ఇంకో సంగతి గమనించండి. పెళ్ళికాని స్త్రీకీ, భర్త పోయిన స్త్రీకీ ఈ చట్టం వర్తించదు. వాళ్ళు తమ పేరున ఆస్తి ఉంచుకోవచ్చు, ఒప్పందాలు రాసుకోవచ్చు, కోర్టుకెక్కవచ్చు. అంటే ఏ ముగింపుని నవలలు శుభం అంటాయో, ఆ పెళ్ళిరోజునే కథానాయిక చట్టం దృష్టిలో మాయమైపోతుంది. అప్పటి ప్రతి మంచి రచయిత్రికీ ఇది తెలుసు.

ఎలిజబెత్ గాస్కెల్ సంగతే చూడండి. 1850లో డికెన్స్ పత్రికలో ఆమె కథ ఒకటి వచ్చింది, 20 పౌండ్లిచ్చారు. ఆ డబ్బుని మా ఆయన నింపాదిగా తన జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడని స్నేహితురాలికి ఉత్తరం రాసింది. ఆయన దుర్మార్గుడేం కాదు. మాంచెస్టర్‌లో చర్చి పాస్టరు, మంచి భర్త. చట్టం ప్రకారం ఆ డబ్బు ఆయనదే, అంతే. 1856లో బార్బరా లీ స్మిత్ అనే ఆమె, పెళ్ళయిన స్త్రీల ఆస్తి చట్టం మార్చాలని పార్లమెంటుకి అర్జీ పెట్టించింది. దాని మీద 26,000 సంతకాలు పడ్డాయి, గాస్కెల్ కూడా పెట్టింది. 1870 చట్టంతో భార్య సంపాదన ఆమెదైంది, 1882 చట్టంతో ఆస్తి మొత్తం ఆమెదైంది. ఈ రెండు తేదీలూ దగ్గర పెట్టుకుని ఏ నవల ఏ వైపున పడుతుందో చూసుకోండి.

ఇప్పుడు 1847కి, జేన్ ఐర్‌కి వద్దాం. లోవుడ్ బడిలో టీచరుగా ఆమె జీతం ఏడాదికి 15 పౌండ్లు. తర్వాత రాచెస్టర్ అనే జమీందారు ఇల్లు థార్న్‌ఫీల్డ్‌లో, అడెల్ అనే పిల్లకి అక్కడే ఉండి చదువు చెప్పే గవర్నెస్‌గా 30. షార్లట్ బ్రాంటీ ఈ అంకెల్ని ఊహించి రాయలేదు. 1841లో ఆమె గవర్నెస్‌గా చేసినప్పుడు జీతం 20 పౌండ్లు, అందులో బట్టలు ఉతికించినందుకు 4 పౌండ్లు కోసేవారు. జీతం అడగడం ఎంత చిన్నతనంగా ఉంటుందో, అడక్కపోతే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు.

అందుకే నాకు ఈ నవల మొత్తంలో బాగా ఇష్టమైన చోటు ప్రేమ సన్నివేశం కాదు, జీతం సన్నివేశం. అత్త మిసెస్ రీడ్ మంచాన పడి కబురు పెడుతుంది. జేన్ సెలవడుగుతుంది. చేతిలో ఎంతుందని రాచెస్టర్ అడిగితే 5 షిల్లింగులు చూపిస్తుంది. అతను 50 పౌండ్ల నోటు తీస్తాడు. నాకు రావాల్సింది 15 పౌండ్లే, చిల్లర లేదు అంటుంది జేన్. అంత ఇస్తే మూడు నెలలు రావేమోనని అతను నోటు వెనక్కి తీసుకుని 10 పౌండ్లిస్తాడు. అయితే ఇంకా 5 బాకీ అని ఆమె గుర్తుచేస్తుంది. తిరిగొచ్చి తీసుకో అంటాడు. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వులో ఎవరి చేతిలో ఏముందో చూడండి. జీతం అతని చేతిలో పగ్గంలా ఉంది, ఆమె దాన్ని లెక్కగా మార్చాలని చూస్తోంది. కానుక వద్దు, జీతం కావాలి.

ఇప్పుడు అసలు ముడి. ఆ 10 పౌండ్లు పట్టుకుని వెళ్ళిన ప్రయాణంలోనే, మదీరా అనే దీవిలో తనకి తండ్రి తోబుట్టువు ఒకాయన ఉన్నాడనీ, తనని పెంచుకోవాలని మూడేళ్ళ కిందట ఉత్తరం రాశాడనీ, పిల్ల చచ్చిపోయిందని అత్త అబద్ధం రాసిందనీ తెలుస్తుంది. తిరిగొచ్చాక పెళ్ళి కుదురుతుంది. రాచెస్టర్ ఆమెని పట్టు బట్టల కొట్టుకి తీసుకెళ్ళి మెరిసే రంగులు కొనబోతాడు. ఆమెకి ఒళ్ళు మండుతుంది. బొమ్మకి బట్టలు తొడిగినట్టు తనని అలంకరించడం భరించలేక రెండు నిర్ణయాలు తీసుకుంటుంది. పెళ్ళయ్యాక కూడా అడెల్‌కి చదువు చెప్తూ తిండీ, వసతీ, ఏడాదికి 30 పౌండ్లూ సంపాదించుకుంటానని రాచెస్టర్‌కి చెప్తుంది. ఇంటికెళ్ళగానే మదీరాకి ఉత్తరం రాస్తుంది, ఏనాటికైనా నాకంటూ కొంచెం సొమ్ముంటే ఇలా బంగారం గుమ్మరించుకోవడం కాస్త ఓర్చుకోగలనని.

ఆ ఉత్తరం ఏం చేసిందో గుర్తుందా? అది అందేసరికి మదీరాలో ఆ పెద్దాయన దగ్గర మేసన్ ఉన్నాడు, అంటే రాచెస్టర్ మొదటి భార్య తమ్ముడు. ఆ భార్య ఇంకా బతికే ఉంది. పెళ్ళి మాట విని అదిరిపోయి ఇంగ్లండు పరిగెత్తుకొచ్చి చర్చిలో పెళ్ళి ఆపించాడు. నాకంటూ సొమ్ము కావాలన్న కోరిక ఆమెని బహుభార్యత్వపు ఉచ్చులోంచి లాగింది. తర్వాత ఆస్తి కూడా ఆ మదీరా పెద్దాయన నుంచే వచ్చింది. కాబట్టి ఆస్తి ఎవరో చచ్చిపోతూ రాసిచ్చిందే అయినా, జేన్ చేతులు ముడుచుకుని కూర్చుంటే ఒళ్ళో పడింది కాదు. మీ డిసర్టేషన్‌కి ఇది గట్టి పునాది.

ఆ మధ్యలో ఏం జరిగిందో కూడా రాయండి. థార్న్‌ఫీల్డ్ వదిలినప్పుడు ఆమె పర్సులో 20 షిల్లింగులు, అంటే సరిగ్గా ఒక పౌండు. బండివాడికి అది మొత్తం ఇచ్చేసి, మూట బండిలోనే మరిచిపోయి, నాలుగు దారులు కలిసేచోట దిగుతుంది. రొట్టె కోసం మెడకి కట్టుకున్న రుమాలూ చేతి తొడుగులూ ఇస్తానంటే కొట్టామె ఒప్పుకోదు. పందికి పెట్టబోయిన గంజి అడుక్కుని తింటుంది. గౌరవంగా బయటికి నడిచిన ఆడదానికి లోకం ఇచ్చిన ధర అది. తర్వాత మోర్టన్ పల్లెబడిలో మళ్ళీ 30 పౌండ్ల ఉద్యోగం.

ఇక ఆస్తి 20,000 పౌండ్లు. కాగితం తీసుకుని లెక్కేయండి. 30 పౌండ్ల జీతంలో పెన్నీ ఖర్చుపెట్టకుండా దాచినా అంత కూడడానికి 660 ఏళ్ళు దాటుతుంది. అందుకే షార్లట్ ఆ చుట్టాన్ని చంపక తప్పలేదు. వచ్చిన డబ్బుని జేన్ నాలుగు భాగాలు చేసి మేనత్త పిల్లలు ముగ్గురికీ పంచి, తన వంతు 5,000 ఉంచుకుంటుంది. ఆ ముగ్గురిలో ఒకడైన సెయింట్ జాన్ మన లెక్కలో ఆమెకి వరసైన బావే. అతనే పెళ్ళిచేసుకుని మిషనరీ భార్యగా హిందూదేశం రమ్మంటే, వస్తాను గానీ పెళ్ళి వద్దంటుంది. 5,000కి 3 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 150 పౌండ్లు, గవర్నెస్ జీతానికి అయిదింతలు. ఆ మాట అనడానికి ధైర్యం గుణం వల్ల వచ్చిందా, వడ్డీ వల్ల వచ్చిందా? రెండూ కలిసే వచ్చాయని నేనంటాను. చివర్లో రాచెస్టర్ దగ్గరికి వెళ్ళి నేను స్వతంత్రురాలిని, డబ్బుదాన్ని, నాకు నేనే యజమానిని అంటుంది.

కానీ ఈ నవలని పూర్తిగా నెత్తిన పెట్టుకోకండి. థార్న్‌ఫీల్డ్‌లో మేడ మీద ఇంకొక స్త్రీ ఉంది, పిచ్చిదని గదిలో పెట్టి తాళం వేసిన రాచెస్టర్ మొదటి భార్య. బర్తా మేసన్ జమైకా నుంచి 30,000 పౌండ్లు తెచ్చింది, జేన్ ఆస్తి కన్నా ఎక్కువ. పెళ్ళితో అది రాచెస్టర్ పరమైంది. పెళ్ళి చెడిపోయిన పూట, ఇకమీద బర్తాని కనిపెట్టుకుని ఉండడానికి గ్రేస్ పూల్‌కి ఏడాదికి 200 పౌండ్లిస్తానంటాడు రాచెస్టర్. పిల్లకి చదువు చెప్పే ఆడదానికి 30, భార్యకి కాపలా కాసే ఆడదానికి 200. మదీరా, జమైకా రెండూ వ్యాపారపు దీవులు, జమైకాలో ఆ సంపద బానిసల చెమట. జేన్ స్వేచ్ఛలోకి ఆ డబ్బు ఎక్కడినుంచి పారిందన్నది ఆమె అడగదు. మనం అడగాలి. ఇంకొకటి, పెళ్ళయ్యాక జేన్ 5,000 చట్టప్రకారం ఎవరివి? నవల ఆ మాటే ఎత్తదు. తన విషయంలో మాత్రం షార్లట్ అలా వదిలెయ్యలేదు. 1854లో పెళ్ళికి ముందు సెటిల్మెంటు రాయించుకుని తన రచనల డబ్బుని కాపాడుకుంది.

నిజం చెప్పాలంటే ఈ విషయంలో అక్క కన్నా చెల్లెలు ఆన్ బ్రాంటీయే తెగువైనది. 1848లో వచ్చిన ద టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్ చదవండి. హెలెన్ భర్త తాగుబోతు, వ్యభిచారి, కొడుక్కి కూడా తాగుడు నేర్పుతున్నాడు. చిత్రాలు గీసి అమ్ముకుని బతకాలని ఆమె రహస్యంగా సిద్ధపడుతుంది. అతను డైరీ చదివి సంగతి తెలుసుకుని, రంగులు, కుంచెలు, కాన్వాసులు నిప్పుల్లో వేసి, బీరువా తాళాలు లాక్కుని డబ్బూ నగలూ తీసేసుకుంటాడు. ఆ రాత్రి అతను దొంగతనం చెయ్యలేదు, చట్టమిచ్చిన హక్కు వాడుకున్నాడు. తర్వాత అన్న సాయంతో పారిపోయి, చిత్రాల మీద దొంగ పొడి అక్షరాలు పెట్టి, ఊరి పేరు మార్చి రాసి అమ్ముకుంటుంది. దొరికితే కొడుకూ పోతాడు, ఆ చిత్రాల డబ్బూ భర్తదే అవుతుంది.

ఊరివాళ్ళకి తను విధవనని చెప్పుకుంటుంది. మన కథల్లో ఆ మాట ఎంత బరువైనదో మీకు తెలుసు. ఇంగ్లండు చట్టంలో మాత్రం ఆడదానికి అదే బయటపడే దారి. హెలెన్ కట్టుకున్న ఆ అబద్ధపు నల్లబట్టలు ఒక్క మాట మాట్లాడకుండా చట్టాన్ని నిలదీస్తాయి. జేన్‌కి దొరకని పని, సొంత చేతి సంపాదనతో బతకడం, హెలెన్ చేసి చూపించింది. ఆన్‌కి మాత్రం ఎక్కడో అధైర్యం పట్టింది. చివర్లో ఆమె కూడా హెలెన్‌కి మామయ్య ఆస్తి తెచ్చిపెట్టింది.

డబ్బుంటే చాలా? విల్కీ కాలిన్స్ రాసిన ద వుమన్ ఇన్ వైట్‌లో లారా ఫెయిర్లీకి సరిగ్గా జేన్‌కి వచ్చినంతే, 20,000 పౌండ్లు. పిల్లలు లేకుండా లారా చనిపోతే ఆ మొత్తం భర్తకి పోయేలా సెటిల్మెంటు రాస్తారు. కుటుంబం లాయరు గోల పెడతాడు, ఎవరూ వినరు. ఆ ఒక్క షరతు మీదే నవలంతా నడుస్తుంది. జేన్‌ని నిలబెట్టిన మొత్తమే లారాని వేటజంతువుని చేసింది. ఈ రెండు నవలల్నీ పక్కపక్కన పెట్టి ఒక అధ్యాయం రాస్తే మీ గైడుకి నచ్చుతుంది.

జార్జ్ ఇలియట్ మిడిల్‌మార్చ్ 1871, 72ల్లో వచ్చింది. అందరూ డొరోతియా మీద రాస్తారు. సొంతంగా ఏడాదికి 700 పౌండ్లున్న మనిషి, విల్ లాడిస్లాని పెళ్ళాడితే చనిపోయిన భర్త ఆస్తి పోతుందని అతని వీలునామాలో అనుబంధం ఉన్నా లెక్కచెయ్యకుండా అతన్నే చేసుకుంటుంది. గొప్పే. కానీ 700 చేతిలో ఉన్నప్పుడు త్యాగం కొంచెం తేలిక. నా మటుకు నాకు ఆ నవలలో అసలు కథ గార్త్ వాళ్ళింట్లో ఉంది. ఫ్రెడ్ విన్సీ అనే సోమరి కుర్రాడు 160 పౌండ్లు అప్పుచేస్తే మేరీ గార్త్ తండ్రి పూచీ సంతకం పెట్టాడు. ఫ్రెడ్ 50 మాత్రం తెచ్చిచ్చి చేతులెత్తేశాడు. మిగిలింది 110. మిసెస్ గార్త్ వంటింట్లో రొట్టెలు చేస్తూనే పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి. కొడుకు ఆల్‌ఫ్రెడ్‌ని పనిలో చేర్పించడానికి ఆమె కూడబెట్టినవి 92. తక్కువైన 18, కూతురు మేరీ ఓ ముసలి రోగికి సేవ చేసి దాచుకున్న 24లోంచి ఇచ్చింది. మగపిల్లాడి గుర్రాల సరదాకి తల్లీకూతుళ్ళ కొన్నేళ్ళ కష్టం కరిగిపోయింది. ఇలియట్ గొంతు పెంచదు. 92కి 18 కలిపితే 110 అని చూపించి పక్కకి తప్పుకుంటుంది. ఈ లెక్క తెలియని తెలుగిల్లు ఉందంటారా?

మీరు వదిలెయ్యకూడని కోణం ఇంకొకటి, కూలి మీద బతికే ఆడవాళ్ళు. గాస్కెల్ మొదటి నవల మేరీ బార్టన్, 1848. అందులో జాన్ బార్టన్ కార్మిక నాయకుడు, యజమానుల మీద నిప్పులు కక్కేవాడు. అలాంటివాడే కూతుర్ని మిల్లులో చేర్పించనంటాడు. పని బాగా ఉన్న రోజుల్లో ఆడపిల్లలు తమంతట తాము బతికేంత సంపాదిస్తారు, చేతిలో డబ్బుంటే చెడిపోతారని అతని భయం. మేరీని బట్టలు కుట్టేచోట చేరిస్తారు, మొదటి రెండేళ్ళు జీతమే లేదు. పై తరగతి ఆడపిల్లకి డబ్బు లేకపోవడం సమస్యయితే, మిల్లు పిల్లకి డబ్బుండడం సమస్య. ఇద్దరి దగ్గరా తేల్చేది తండ్రే.

చట్టాలు మారాక ఏమైందో జార్జ్ గిస్సింగ్ 1893లో రాసిన ద ఆడ్ విమెన్ చెప్తుంది. రేపు 1,000 పౌండ్లకి జీవితబీమా చేస్తానని డాక్టర్ మాడెన్ పెద్ద కూతురితో అంటాడు. ఆ రాత్రే గుర్రబ్బండి ప్రమాదంలో పోతాడు. ఆరుగురు ఆడపిల్లలకి మిగిలింది మొత్తం 800. అసలు ముట్టుకోకూడదని వడ్డీ మీద బతుకుతూ, తిండి కొలుచుకుంటూ, అక్కలు ఎండిపోతారు. ఒకామె రహస్యంగా తాగుడికి అలవాటుపడుతుంది. చివరి చెల్లెలు మోనికా రోజుకి పదమూడు గంటలకి పైగా బట్టల కొట్టులో నిలబడి విసిగి, డబ్బున్న అనుమానపు మొగుణ్ణి చేసుకుంటుంది. 1882 చట్టం ఆస్తిని కాపాడుతుంది సరే, ఆస్తే లేనివాళ్ళని ఏం కాపాడుతుంది? దేశంలో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళు 5 లక్షలు ఎక్కువని, ఆడపిల్లలకి టైపు నేర్పే బడిలో పనిచేసే రోడా నన్ అంటుంది. అందరికీ పెళ్ళి అసాధ్యం, కాబట్టి టైపు నేర్చుకోండి, ఆఫీసుల్లో చేరండి అన్నది ఆమె వాదం. పెళ్ళి వద్దనుకున్న మనిషిని నవ్వులపాలు చెయ్యకుండా రాయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అయితే ఆ టైపు బడి పెట్టింది మేరీ బార్‌ఫుట్, ఆమె దగ్గరున్నదీ వారసత్వపు సొమ్మే. చదువులేని తరగతుల జోలికి వెళ్ళనని ఆమె నోటితోనే చెప్తుంది.

డిసర్టేషన్‌కి రెండు జాగ్రత్తలు. 1847 నవలని ఫెమినిస్ట్ అని నేరుగా అనకండి, ఇప్పటి అర్థంలో ఆ మాట ఇంగ్లీషులో వాడుకలోకి వచ్చిందే 1890లలో. రెండోది, ఆడది రాయాలంటే సొంత గదీ ఏడాదికి 500 పౌండ్లూ ఉండాలని రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929లో చెప్పిన మాట మీరు ఎలాగూ ఎత్తుతారు. ఎత్తితే, ఆ పుస్తకంలో కథ చెప్పే ఆమెకి ఆ 500 కూడా బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన అత్త రాసిచ్చిందన్న వివరం కలిపి రాయండి. మళ్ళీ వారసత్వం, మళ్ళీ సముద్రాల అవతలి సొమ్ము. మీరు అడిగిన ప్రశ్న అప్పటికీ తీరలేదన్నమాట.

నా క్లాసులో ఒకమ్మాయి ఓసారి చెయ్యెత్తి, "మేడమ్, ఇంతకీ రాచెస్టర్ ఆ మిగతా 5 పౌండ్లు ఇచ్చాడా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పుస్తకం మొత్తం మళ్ళీ తిరగేశాను. ఇచ్చినట్టు నాకెక్కడా కనబడలేదు.